గాజులు తీయించని రికార్డింగ్: పిల్లల యుకులేలే ఆల్బమ్ మీద ఒక కేస్ స్టడీ

ఈ వివరాలు రాయడానికి పాటల రచయిత్రి ఒప్పుకున్నారు. ఆమె ఊరు, బడి, పాటల పేర్లు ఇందులో ఉండవు. పాటల్లోని మాటలు కూడా వాడలేదు. ఉదాహరణ కావలసిన చోట అదే నడకలో పంక్తులు నేనే కట్టాను. సొంతంగా పాటలు కట్టి చిన్న స్టూడియోల్లో రికార్డు చేసుకునేవాళ్లకి, వాళ్ల కోసం మిక్సర్ ముందు కూర్చునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

నేపథ్యం

ఆమె కోస్తాలో ఒక చిన్న పట్నంలో నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు టీచరు. వయసు నలభై దాటింది. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం గీతాల దాకా నేర్చుకుని ఆపేశారు. కరోనా లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్‌లో ఒక సొప్రానో యుకులేలే (చిన్న గిటార్‌లా ఉండే వాయిద్యం, అందులోనూ చిన్న రకం) తెప్పించుకుని, వీడియోలు చూసి సాధన చేశారు. చిన్నపిల్లల టీచర్లు ఈ వాయిద్యం వైపు వెళ్లడంలో వింతేమీ లేదు. నాలుగే తీగలు, అవీ నైలాన్‌వి, వేళ్లు కోసుకుపోవు. పట్టీతో భుజాన తగిలించుకుని నిలబడి వాయించవచ్చు, పిల్లల మధ్య తిరగవచ్చు. సి, ఏ మైనర్, ఎఫ్, జి సెవెన్ అనే నాలుగు కార్డ్స్ (కలిపి ఒకేసారి మోగించే స్వరాలు) వస్తే సగం పాటలు నడిచిపోతాయి.

వాన, బస్సు, పిల్లి, స్నానం, అన్నం ముద్ద. ఇలాంటి వాటి మీద ఆమె పాటలు కట్టారు. మాటలు నిజంగా బాగున్నాయి. చివర నీతి చెప్పకుండా పిల్లల పాట రాయగలిగేవాళ్లు మనలో తక్కువ. వాటిలో తొమ్మిదింటిని ఒక స్టూడియోలో రికార్డు చేయించి, ఆల్బమ్‌గా విడుదల చేసే ముందు ఆగిపోయి, ఆ ఫైళ్లు పట్టుకుని, రికార్డింగ్, మిక్సింగ్ చేసే నా దగ్గరికి వచ్చారు.

తెచ్చిన సమస్య

"నేను క్లాసులో పాడితే గెంతుతారు తమ్ముడూ. ఇవే పాటలు స్పీకర్లో పెడితే మొదటి చరణం అయ్యేలోపు బొమ్మల దగ్గరికి పోతున్నారు."

మామూలుగా మా దగ్గరికి వచ్చేవాళ్లు "పంచ్ లేదు", "ఫీల్ రాలేదు" అంటారు. ఆ మాటలకి ఏ నాబ్ తిప్పాలో ఎవరికీ తెలియదు. ఈమె మాత్రం ఒక గమనిక తెచ్చారు: పాట ఒకటే, పిల్లలు వాళ్లే, ఫలితం వేరు. అలాంటి ఫిర్యాదు దొరకడం అదృష్టం.

మొదట రావలసిన అనుమానం ఒకటుంది. టీచరు ఎదురుగా నిలబడి, కళ్లు తిప్పుతూ పాడితే గెంతని పిల్లలుంటారా? తేడా అంతా అదే అయితే ఏ రికార్డింగూ ఆమెతో పోటీ పడలేదు, మిక్స్ మార్చడం డబ్బు దండగ. ఇది తేలకుండా పని ఒప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. పాటలు కట్టుకునేటప్పుడు మర్చిపోకుండా ఫోన్లో పాడిపెట్టుకున్నవి ఏమైనా ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయి. వంటింట్లో పాడినవి, వెనక ఫ్యాను, ఒకదాంట్లో కుక్కర్ విజిల్‌తో సహా. వాటిని అదే స్పీకర్లో పెట్టి, తను ఒక మూల వేరే పని చూసుకుంటూ పిల్లల్ని గమనించమన్నాను.

ఫోన్ రికార్డింగులకి పిల్లలు చివరిదాకా నిలిచారు. అన్ని పాటలకీ కాదు, ఎక్కువ వాటికి. ఇదేమీ శాస్త్రీయ పరీక్ష కాదు. ఏది పెడుతున్నారో ఆమెకి తెలుసు, పిల్లలు కూడా కొద్దిమందే. అయినా ఆమె ఎదురుగా లేనప్పుడు కూడా ఆ పాటల్లో ఏదో పనిచేస్తోందని, స్టూడియో రికార్డింగులో అది జారిపోయిందని అనుకోవడానికి ఇంత చాలు. అప్పుడే పని ఒప్పుకున్నాను.

రెండు రికార్డింగుల మధ్య తేడాలు

ఒకే పాట రెండు రూపాలూ పక్కపక్కన పెట్టి వింటే ముందు తెలిసేది వేగం. స్టూడియోలో 120 బీపీఎం (నిమిషానికి అన్ని బీట్లు), హెడ్‌ఫోన్లలో తాళం కొట్టే క్లిక్‌కి కట్టేసినట్టు. ఫోన్లో 104 దగ్గర మొదలై చివరికి 107 దాకా తేలిపోతుంది. హుషారు కోసం పెంచారని అర్థమవుతూనే ఉంది. తెలుగులో దీనికి ఒక నష్టం ఉంది. మన పిల్లల పాటల నిండా ద్విత్వాలే: చప్పట్లు, గుప్పెడు, చెట్టు, బుజ్జి. ద్విత్వం పలకాలంటే నాలుకో పెదవో ఒక్క క్షణం అక్కడ ఆగాలి. 120లో అర బీట్‌కి దొరికేది 250 మిల్లీసెకన్లు, 104లో దాదాపు 288. ఆ కాస్త తేడాతోనే "గుప్పెడు" కాస్తా "గుపెడు" అయిపోతోంది. మాట స్పష్టంగా అందకపోతే నాలుగేళ్ల పిల్ల వెంట పాడలేదు.

రెండోది వాయిద్యం ధ్వని. మైకు పెట్టకుండా, యుకులేలే లోపల బిగించిన పికప్ నుంచి వైరు తీశారు. సొప్రానోలో తీగ పొడవు దాదాపు 13 అంగుళాలే కాబట్టి మోగిన స్వరం తొందరగా ఆగిపోతుంది. మనం విని ఆనందించేదాంట్లో చెక్క, డొల్లలోని గాలి వాటా చాలా ఎక్కువ. బ్రిడ్జి కింద ఉండే పికప్ తీగ కదలికని పట్టుకుంటుంది, ఆ గాలిని పట్టుకోదు. అందుకే స్టూడియో ట్రాకులో యుకులేలే గీరుకుపోయిన గొంతులా ఉంది.

మూడోది, పైన వేసిన పొరలు. యుకులేలేలో అన్నిటికన్నా కింది స్వరం మధ్య సి, అంటే 261.6 హెర్ట్జ్. కింద అంతా ఖాళీగా ఉంది కదా అని బేస్, కిక్ డ్రమ్ పెట్టారు. హెడ్‌ఫోన్లలో వింటే ఆ ఆలోచన సరైనదే. కానీ వినేది అరచేతిలో ఇమిడే బ్లూటూత్ స్పీకర్లో. అది ఆ కింది శబ్దాలు పలికించలేదు, పలికించబోయి పైవాటిని కూడా నొక్కేస్తుంది. వాటికి తోడు ప్రతి పాదం చివర వచ్చే ఖాళీలో, లోహపు పలకల మీద కొట్టి మోగించే గ్లాకెన్‌స్పీల్ గంటలు.

స్ట్రమ్మింగ్, అంటే తీగల మీద చెయ్యి కిందికీ పైకీ ఆడించే తీరు కూడా మారింది. అది అసలు విషయం కాబట్టి తర్వాత వివరంగా చెబుతాను.

ఇంకొక చిన్న తేడా: ఫోన్ రికార్డింగులో ప్రతి దెబ్బ వెనక సన్నగా గలగల. షేకర్ యాప్ ఏదైనా వాడారా మేడం అంటే లేదన్నారు. మళ్లీ మళ్లీ విన్నాక తెలిసింది, కుడిచేతి మట్టి గాజులు. స్టూడియోలో శబ్దం వస్తోందని వాటిని తీయించారట.

పనిచేయనివి

డబ్బు తక్కువయ్యే దారి ముందు చూడటం ధర్మం. పాత స్టూడియో వాళ్లు విడివిడి ట్రాకులు ఇచ్చారు కాబట్టి రీమిక్స్‌తో మొదలుపెట్టాం. డ్రమ్ లూప్, బేస్, గంటలు తీసేసి గొంతు, యుకులేలే మాత్రమే ఉంచాను. పాట వెంటనే తేలికపడింది, కానీ బోసిపోయింది. లోపల ఉన్న వాయింపులో ప్రాణం లేకపోవడం వల్లే పైన అన్ని పొరలు వేయాల్సి వచ్చిందని అప్పుడు అర్థమైంది. ప్రతి దెబ్బా కంప్యూటర్లో సమానంగా గీసిన గళ్ల (గ్రిడ్) మీదకి జరిపి ఉంది. కింది దెబ్బ, పై దెబ్బ ఒకే బరువు. పికప్ ధ్వనికి ఈక్వలైజర్‌తో, రివెర్బ్‌తో ఎంత మేకప్ వేసినా గాలి పుట్టలేదు.

తర్వాత పాత గొంతు కింద కొత్తగా మైకుతో యుకులేలే తీసి చూశాం. గొంతు క్లిక్‌ని వింటూ పాడింది. యుకులేలే ఆ గొంతుని వింటూ వెనకే నడవాల్సి వచ్చింది. చేత్తో వాయించినా ఇద్దరు మనుషులు వేర్వేరు గదుల్లో ఉన్నట్టే అనిపించింది. అప్పటితో పాత ఫైళ్లు పక్కన పెట్టి మొత్తం కొత్తగా తీయాలని తేల్చుకున్నాం. ఖర్చు పెరుగుతుందని ముందే చెప్పాను. ఆల్బమ్ ఆలస్యమైనా పర్వాలేదు, క్లాసులో పెట్టుకోలేని ఆల్బమ్ ఎందుకు అన్నారామె.

కొత్త రికార్డింగులో మొదటి ప్రయత్నం, క్లిక్‌ని 106కి తగ్గించి మామూలు పద్ధతిలోనే. ద్విత్వాలు తిరిగొచ్చాయి. ధ్వని బాగుంది. సంబరం మాత్రం రాలేదు. ఆమె మొహం చూస్తే లెక్కల పరీక్ష రాస్తున్నట్టుంది. హెడ్‌ఫోన్లలో క్లిక్, ఎడమచేతికి కార్డ్స్, కుడిచేతికి వీడియోలో నేర్చుకున్న ప్యాటర్న్, ఆ పైన పాట. ఎక్కడో తట్టుకుంటున్నారు, ఆ తట్టుకునే చోటు ప్రతి టేకులోనూ దాదాపు అక్కడే. ఒకేచోట జరిగే తప్పు టెన్షన్ వల్ల కాదు, పాట కట్టుబడిలోనే ఏదో అడ్డు ఉందన్నమాట.

మాటల నడక, చేతి నడక

యుకులేలే నేర్పేవాళ్లు దాదాపు అందరూ మొదట చెప్పే స్ట్రమ్మింగ్ ఒకటుంది: కింద, కింద-పైన, పైన-కింద-పైన. నాలుగు బీట్ల ఆవర్తాన్ని ఎనిమిది గళ్లు చేస్తే దెబ్బలు 1, 3, 4, 6, 7, 8 గళ్లలో పడతాయి. 2లో, 5లో చెయ్యి గాలిలో ఉంటుంది. 5 అంటే మూడో బీట్ మొదలు. అక్కడ దెబ్బ లేకపోవడమే దీని అందం, పాట ఊగుతుంది.

ఇప్పుడు ఒక తెలుగు పంక్తి చూద్దాం.

గుమ్మడి పూసే, కాకర కాసే

లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. "గుమ్మడి" నాలుగు, "పూసే" నాలుగు, "కాకర" నాలుగు, "కాసే" నాలుగు. మాత్రకి ఒక గడి ఇస్తే మొదటి ఆవర్తంలో "గుమ్మడి పూసే" సరిగ్గా సరిపోతుంది. మరి "పూ" ఎక్కడ పడింది? ఐదో గడిలో. అంటే రెండో మాట మొదలు, పైగా దీర్ఘం, నోరంతా తెరిచి పలికే అక్షరం దగ్గర చేతిలో దెబ్బ లేదు. దెబ్బ వచ్చేది ఆరో గడిలో, "పూ" అనే దీర్ఘం సగంలో ఉండగా. తర్వాతి ఆవర్తంలో "కాసే" గతీ అంతే. నాలుగు మాత్రల గణాలతో కట్టిన పాటల్లో రెండో సగం తరచూ అక్కడే మొదలవుతుంది. ఆమె ప్రతిసారీ తట్టుకుంటున్నది సరిగ్గా ఆ గడి దగ్గరే. నోరు ఒకచోట బరువు వేస్తోంది, చెయ్యి ఇంకోచోట వేస్తోంది. క్లిక్ ఆ గొడవని ఇంకా బయటపెడుతోంది.

ఫోన్ రికార్డింగులు మళ్లీ విన్నాను. అక్కడ ఆ ప్యాటర్న్ లేనేలేదు. బొటనవేలితో మాట మొదట్లో ఒక కింది దెబ్బ, మధ్యలో చూపుడువేలితో తేలిగ్గా పైకి. గురువు దగ్గర బరువు, లఘువుల మీద తేలిక. అడిగితే ఆమె కాస్త సిగ్గుపడ్డారు. "అది సరిగ్గా రానప్పటి వాయింపు. స్టూడియోకి వెళ్తున్నానని పద్ధతిగా నేర్చుకున్నాను."

ఈ కేసులో నేను అన్నిటికన్నా ముఖ్యమని అనుకునేది ఈ మాటే. ఆమెకి ఇష్టమొచ్చినట్టు వాయిస్తే మాటల నడక చేతిలోకి దిగుతోంది. పద్ధతిగా వాయిస్తే పోతోంది. కాబట్టి కొత్తది నేర్పకూడదు, ఉన్నదాన్ని స్థిరపరచాలి. యుకులేలే పక్కన పెట్టించి, చప్పట్లు కొడుతూ పాటలు చదివించాను. కాగితం మీద గురువులన్నిటి కిందా పెన్సిల్‌తో గీత పెట్టుకున్నారు. గీత ఉన్నచోట కింది దెబ్బ. జంట లఘువుల దగ్గర తేలికైన పై దెబ్బ, లేదా ఏమీ లేదు. పాదం చివర అరచేతి అంచుతో తీగల్ని నొక్కేసే "చక్" దెబ్బ. అంతే, ఇంకే ప్యాటర్నూ లేదు.

ఇక్కడ యుకులేలే స్వభావం ఒకటి గుర్తుంచుకోవాలి. గిటార్‌లో కింది దెబ్బ మంద్ర తీగ మీద మొదలవుతుంది కాబట్టి బరువు దానంతటదే వస్తుంది. మామూలు యుకులేలే శ్రుతిలో నాలుగో తీగ జి మూడో తీగ సి కన్నా హెచ్చులో ఉంటుంది. దాని తేలికదనమంతా ఈ తీగల వరసలోనే ఉంది. దీనిమీద కింది దెబ్బ కూడా హెచ్చు స్వరంతోనే మొదలవుతుంది. అందువల్ల గురువు దగ్గర బరువు చేతి ఊపుతో తెచ్చుకోవాలి, వాయిద్యం ఇవ్వదు. బొటనవేలి కండ తగిలేలా కొట్టడం వల్ల అది వచ్చింది. గోరుతో కొడితే రాలేదు.

పిల్లి పాట సంగతి వేరు. అది ఇలాంటి నడక:

పిల్లి వచ్చెను, గోడ దూకెను

మూడు, నాలుగు; మూడు, నాలుగు. మన ముత్యాల సరం నడక, మిశ్రగతి. పాత స్టూడియోలో డ్రమ్ లూప్ నాలుగులో ఉంది కాబట్టి ఒక మాత్ర సాగదీసి ఎనిమిది చేశారు. "పిల్లి" "పిల్లీ" అయింది, "గోడ" "గోడా" అయింది. గెంతాల్సిన పిల్లి కాళ్లీడ్చింది. ఏడులోనే వాయిద్దాం అంటే మొదట భయపడ్డారు. చిన్నప్పుడు విన్న మిశ్రచాపు గుర్తుచేశాను. 1, 4, 6 మాత్రల మీద దెబ్బ, మూడు-రెండు-రెండు. తొడ మీద తాళం వేస్తూ నాలుగు పంక్తులు పాడగానే చేతికి దొరికింది. ఆల్బమ్ మొత్తంలో నాకు బాగా నచ్చిన పాట అదే.

శ్రుతి

తొమ్మిది పాటలూ సి లోనే ఉన్నాయి, అంటే ఒకటో శ్రుతి. కారణం గొంతు కాదు, సులువైన కార్డ్స్. ఆమె గొంతుకి హాయిగా ఉండేది ఐదు, ఐదున్నర. సి షడ్జంగా పెట్టుకుని తారస్థాయి గాంధారం దాకా వెళ్లే పాటల్లో పైన గొంతు బిగుసుకుంటోంది. బిగుసుకున్న గొంతులో సంతోషం నటనలా వినిపిస్తుంది, పిల్లలు దాన్ని పెద్దల కన్నా ముందు పట్టేస్తారు. పైగా తొమ్మిది పాటలు ఒకే శ్రుతిలో, అవే నాలుగు కార్డ్స్‌తో వరసగా వింటే మూడో పాటకే చెవి అలిసిపోతుంది.

పాటపాటకీ అతి కింది స్వరం, అతి పై స్వరం రాసుకుని శ్రుతి మార్చాం. తారస్థాయికి వెళ్లేవాటిని జి కి, అంటే ఐదుకి దించాం. జి, సి, ఈ మైనర్, డి సెవెన్ కూడా సులువే. పూర్తి డి కార్డ్‌లో సొప్రానో మీద మూడు వేళ్లు మెడ మీది ఒకే గడిలో, అంటే ఒకే ఫ్రెట్‌లో ఇరుక్కోవాలి, అందుకని చాలాచోట్ల రెండు వేళ్లతో పట్టే డి సెవెన్‌తో సరిపెట్టాం. కొన్ని ఏ లో పెట్టాం. మంద్రస్థాయి స్వరాలున్నవి సి లోనే ఉంచాం. తీగల్ని మెడ మీద అడ్డంగా నొక్కిపట్టే క్లిప్, అంటే క్యాపో పెట్టవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. క్యాపో శ్రుతిని పెంచుతుందే గానీ దించదు, ఇక్కడ కావలసింది దించడం.

వాయిద్యం విషయంలో ఒక రిపేరు. నట్ దగ్గర, అంటే మెడ చివర తీగలు ఆనే పట్టీలో, గాళ్లు లోతు చాలక మొదటి ఫ్రెట్ మీద నొక్కిన స్వరాలన్నీ కాస్త హెచ్చుగా పలుకుతున్నాయి. తక్కువ ధర వాయిద్యాల్లో ఇది మామూలే. గిటార్లు బాగుచేసే ఆయన గాళ్లు అరగదీసి సరిచేశారు. ఫ్లోరోకార్బన్ తీగలు వేయించి, అవి సాగి కుదురుకునేదాకా ఆగాం. కొత్త తీగలతో వెంటనే రికార్డింగ్‌కి దిగితే టేకు మధ్యలోనే శ్రుతి దిగిపోతుంది.

రికార్డింగ్ నిర్ణయాలు

గొంతు, వాయింపు ఒకేసారి. దీనికి ధర ఉంది. యుకులేలే మెల్లగా మోగుతుంది, గొంతు గట్టిగా ఉంటుంది, కాబట్టి వాయిద్యం మైకులో గొంతు పడుతుంది. తర్వాత గొంతులో ఒక్క స్వరం సరిచేయాలన్నా రెండో మైకులో తప్పు స్వరం అలాగే ఉండిపోతుంది. అంటే శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ (ట్యూనింగ్ ప్లగిన్) లేనట్టే. అయినా ఒప్పుకున్నాను. ఈ పాటల బలం నోరూ చెయ్యీ కలిసి నడవడంలో ఉందని అప్పటికి తేలింది. దాన్ని విడదీసి తర్వాత అతికించే దారి నాకు తెలిసినంతలో లేదు. ఆమె శ్రుతిశుద్ధి బాగుండటం కూడా ధైర్యమిచ్చింది. శ్రుతి నిలవని గాయని అయితే ఇంకోలా ఆలోచించేవాణ్ణి.

యుకులేలేకి ఫిగర్-ఎయిట్ మైకు పెట్టాను. అది ముందూ వెనకా వింటుంది, పక్కల నుంచి వచ్చేది దాదాపు వినదు. ఆ వినని పక్క ఆమె నోటివైపు ఉండేలా తిప్పితే గొంతు చాలావరకు తగ్గింది. మెడ, డొల్ల కలిసే చోటుకి ఎదురుగా, జానెడు కన్నా కాస్త ఎక్కువ దూరం. రంధ్రానికి ఎదురుగా పెడితే బుంగలా మోగుతుంది. మెల్లగా మోగే వాయిద్యానికి గెయిన్ ఎక్కువ పెట్టాలి కాబట్టి మైకు సొంత రొద తక్కువ ఉన్నది ఎంచుకోవాలి, ఏసీ ఆపేయాలి. ఏసీ ఆపితే గది వేడెక్కి శ్రుతి జరుగుతుంది, కనుక ప్రతి టేకు ముందూ శ్రుతి చూసుకోవడం తప్పలేదు. 150 హెర్ట్జ్ కింద అంతా కోసేశాను. ఈ ఆల్బమ్‌లో వాయిద్యం గానీ గొంతు గానీ అంత కిందకి రాదు, రోడ్డు మీద లారీలు మాత్రమే వస్తాయి.

క్లిక్ రెండు ఆవర్తాలు వినిపించి ఆపేశాం. పాట 104లో మొదలై 107కి చేరితే చేరనిచ్చాం. అందరూ కలిసి పాడేటప్పుడు చివరికి కాస్త ఊపందుకోవడం సహజం. టేకుల మధ్య అతకాల్సి వస్తే "చక్" దెబ్బ దగ్గర కోశాను, అక్కడ తీగలు మూగబోయి ఉంటాయి కాబట్టి అతుకు తెలియదు.

ఇక గాజులు. ఎవరైనా తీసేయమనే అంటారు, మైకు పుస్తకాలన్నీ అదే చెబుతాయి. ఆమెకి తీయడం ఇష్టం లేదు, పాత స్టూడియోలో తీసినందుకు ఇంట్లో అత్తగారు ఒక మాట కూడా అన్నారట. కానీ నేను ఉంచమన్నది సెంటిమెంట్ కోసం కాదు. షేకర్ విడిగా వేస్తే అది ఎంత జాగ్రత్తగా వేసినా దెబ్బకి ముందో వెనకో ఉంటుంది. గాజులు దెబ్బ కొట్టే చేతికే ఉన్నాయి కాబట్టి కచ్చితంగా దెబ్బతోనే మోగుతాయి. గురువు దగ్గర చెయ్యి గట్టిగా ఊగితే గట్టిగా, లఘువు దగ్గర సన్నగా. ఫోన్ రికార్డింగులో పిల్లల్ని పట్టి ఉంచినవాటిలో ఇదొకటని నా నమ్మకం. చేతినిండా ఉంటే మాత్రం గోల ఎక్కువై మాటలు మునిగిపోయాయి. రెండు మట్టి గాజులు మణికట్టు దగ్గర వదిలి, మిగతావి పైకి జరిపి మెత్తటి గుడ్డ చుట్టాం. నెమ్మది పాటల్లో అన్నిటికీ గుడ్డ చుట్టేశాం.

పిల్లల కోరస్ పెడదామని ఆమె అడిగారు. నేను వద్దన్నాను. వినే పిల్లలు పాడటానికి చోటు కావాలి, రికార్డులోనే పిల్లలు పాడేస్తే వాళ్లకి పనేముంటుంది? పాదం చివర రెండు బీట్ల ఖాళీ అలాగే వదిలేశాం. గ్లాకెన్‌స్పీల్ గంటలు పూడ్చేసింది ఆ ఖాళీలనే. క్లాసులో పిల్లలు ఆఖరి మాట అరిచి చెప్పేది అక్కడే. మొత్తం పాటల్లో బయటి తాళం రెండు మూడు చోట్ల చిడతలు మాత్రమే. భజన బృందంలో వాయించే ఒకాయన ఆమె టేకు వింటూ వేశారు. ఆమె చిడతల వెనక నడవలేదు, చిడతలే ఆమె వెనక నడిచాయి.

మాస్టర్, హక్కులు

పాత మాస్టర్ (విడుదలకి సిద్ధం చేసిన చివరి రూపం) -8 లఫ్స్ దగ్గర ఉంది. లఫ్స్ అంటే మొత్తం గట్టిదనానికి కొలత, సున్నాకి దగ్గరైన కొద్దీ గట్టి. అంత గట్టిగా చేయాలంటే శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ ప్రతి దెబ్బ కొననీ నరికేయాలి. యుకులేలేకి ఉన్న ప్రాణమంతా ఆ కొనలోనే. పైగా స్పాటిఫై మామూలుగా -14 లఫ్స్‌కి సర్దుతుంది కాబట్టి ఆ గట్టిదనం అక్కడ ఎలాగూ తగ్గిపోతుంది. మనకి మిగిలేది నరికిన కొనలే. -14 దగ్గరే ఆపి, పీక్ -1 డెసిబెల్ దాటకుండా చూశాను. గాజులు ఇయర్‌ఫోన్లలో గుచ్చుకునే పాటలకి ఆ చురుకు శబ్దాన్ని తగ్గించే డీ-ఎస్సర్ కొద్దిగా వాడాను.

తొమ్మిది పాటల్లో ఒకటి వదిలేయాల్సి వచ్చింది. అది ఒక సినిమా పాట వరసకి కొత్త మాటలు. క్లాసులో పాడుకోవడం వేరు, రికార్డు చేసి విడుదల చేయడం వేరు. కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షన్ కవర్ వెర్షన్‌కి దారి ఇస్తుంది గానీ, మాటలు మార్చడానికి ఇవ్వదు. వరస హక్కుదారుల అనుమతి లేనిదే కుదరదు. ఇది రికార్డింగ్ తర్వాత తెలిస్తే డబ్బు పోతుంది. పాటల జాబితా చేతికి రాగానే వరస ఎవరిదని అడగాలి.

ఫలితం, మిగిలినవి

కొత్త రికార్డింగులు అదే క్లాసులో, అదే స్పీకర్లో, ఆమె మూల కూర్చుని ఉండగానే పెట్టారు. ఎనిమిదింటిలో ఎక్కువ పాటలకి పిల్లలు చివరిదాకా ఉన్నారని, ఖాళీల్లో ఆఖరి మాట వాళ్లే చెబుతున్నారని అన్నారు. స్నానం పాట మాత్రం ఇంకా నిలబడలేదు. దానికి నాకు తోచిన కారణం మాటలే. మూడు చరణాలూ ఒకేలా ఉన్నాయి, ఏ రికార్డింగూ దాన్ని దాచలేదు. ఆమె రెండో చరణం తిరగరాస్తున్నారు.

ఇప్పుడు నా దగ్గరికి సొంత పాటలతో వచ్చేవాళ్లని ముందు ఫోన్ రికార్డింగులే అడుగుతున్నాను, అవి కూడా ఎవరికీ వినిపించడానికి కాకుండా చేసుకున్నవి. స్ట్రమ్మింగ్ చూడటానికి ముందు పాట చదివిస్తాను. వేగం, శ్రుతి ఆ తర్వాత.

పక్క బడుల టీచర్లు కార్డ్స్ అడిగితే ఆమె గురువుల కింద గీతలు పెట్టిన కాగితాలే ఫొటో తీసి పంపుతున్నారు. వాళ్లలో చాలామంది పిల్లి పాటని మళ్లీ నాలుగులోకి లాగేసి పాడుతున్నారట. ఏడు చేతికి రావడం లేదంటున్నారు. తాళంతో ఒక చిన్న వీడియో చేద్దామా అని ఆమె అడిగారు. చేతులు మాత్రమే కనిపించేలా, పక్కన మాత్రలు వరసగా వెలిగేలా చేద్దామనుకుంటున్నాం.